సీసా పక్కన ఎర్ర రసం

సల్మాబాద్, బహ్రెయిన్
6 ఏప్రిల్ 2025

నా బంగారు బిడ్డ జమునకు,

కంపెనీ బస్సు దిగి కాళ్ళయినా కడుక్కోకుండా మీ బాపు ఈ కాగితం పట్టుకున్నాడు. సంతోషం కడుపులో ఆగటం లేదు బిడ్డా! ఫోన్‌లోనే అరిచి చెప్పేవాణ్ణి. కానీ నీ గొంతు నాకు జోరీగ రొదలా వినిపిస్తుంది తప్ప ఒక్క మాట తెలియదు. గ్యారేజీలో ఇనుము కోసిన పద్దెనిమిదేళ్ళూ నా చెవులను తినేశాయి. ఏం ఫరవాలేదు, ఎదురుగా ఉన్నవాళ్ళ పెదవులు చూసి మాట పట్టుకుంటాను, నీకు రాయటానికి చేతులున్నాయి, గంగన్న ఫోన్ ఉంది. నేను రాసింది వాడు ఫోటో తీసి నీకు పంపుతాడు, నీది వస్తే పెద్దగా చేసి చూపిస్తాడు. చూపించే ముందు తను చదివేస్తాడనుకో. చదవనీ, పక్కూరి మనిషి, పరాయివాడు కాదు.

ఇక అసలు సంగతి. అద్లియాలో మా హోటల్లో ఐదేళ్ళుగా నేను కూరగాయలు కోస్తూ, గిన్నెలు కడుగుతూ ఉన్నానా? మొన్న రంజాన్ పండగ వెళ్ళి బారు మళ్ళీ తెరిచారు. అక్కడ టెకీలా అని ఒక సారా ఉంది. మన రైలు కట్ట వెంబడి కిత్తనార ఉంటుందే, గొర్రె కూడా మూతి పెట్టని ముళ్ళ ఆకులు, ఆ జాతి మొక్క గడ్డను ఉడికించి తీస్తారట! దాన్ని ఒక్కసారిగా మింగరు. ఒక చిన్న గ్లాసులో సారా, పక్కన ఇంకో చిన్న గ్లాసులో కారం కారంగా పళ్ళ రసం. దీన్నొక గుటక, దాన్నొక గుటక. ఆ రసం చేసే ఫిలిప్పీన్ మనిషి పండగ సెలవుల్లో వేరే దేశం వెళ్ళిపోయాడు. కొత్తవాడు డబ్బాలోని టమాట రసం పోసి పంపితే ఎనిమిదో టేబుల్ వాళ్ళు వాపసు పంపారు. మేనేజర్ వంటింట్లోకి వచ్చి ఒకటే అరుపు. నాకు అరుపు వినిపించలేదు గాని, ముఖం చూస్తే తెలిసింది.

"మై కరూఁ సార్?" అన్నాను, నేను చేయనా అని. "తుమ్?" అన్నాడు.

నారింజలు పిండాను. టమాటలు పిసికి వడగట్టాను. నిమ్మకాయ, కాసిన్ని దానిమ్మ గింజలు. కారం ఏం వేయాలో తోచలేదు. అప్పుడు మీ అవ్వ పచ్చి పులుసు గుర్తుకొచ్చింది బిడ్డా. మిరపకాయలు మంట మీద కాల్చి, ఉల్లిగడ్డ, ఉప్పు కలిపి చేత్తో నలిపి వేశాను. ఎనిమిదో టేబుల్ పెద్దమనిషి వంటింటి గుమ్మం దాకా వచ్చి నా తడి చెయ్యి పట్టుకుని ఊపాడు. గల్ఫ్‌కొచ్చిన ఇరవై ఆరేళ్ళలో నా చెయ్యి పట్టుకున్నవాడు లేడు. నా ఇల్లాలు చంద్రవ్వ పోయి ఆరేళ్ళయినా తన చేతి వంట నా పరువు నిలబెట్టింది.

ఒక్కటి అడుగుతాను, బాగా గుర్తు చేసుకుని రాయి. మీ అవ్వ పచ్చి మిరపకాయ కాల్చేదా, ఎండుదా? జీలకర్ర ముందు వేసేదా, తర్వాతా?

అల్లుడికి చెప్పు, గంగన్న జూన్‌లో సెలవు మీద వస్తాడు, అతని చేత ఆ టెకీలా సీసా ఒకటి పంపిస్తానని. సరితకు ముద్దులు.

ఉబ్బిపోతున్న మీ బాపు,
లింబాద్రి


11 ఏప్రిల్ 2025

బాపుకు,

నీ ఉత్తరం చదివి సరిత ఎగిరి గంతేసింది. తాత పెద్ద వంటమనిషి అయ్యాడని బళ్ళో చెప్పుకుంటోంది.

అవ్వ పచ్చి మిరపకాయలే కాల్చేది. పొయ్యిలో మంట తగ్గాక నిప్పుల మీద, తొక్క నల్లబడి లేచేదాకా. ఉల్లిగడ్డ సన్నగా కోసి, ఉప్పు వేసి, వాటితో కలిపి పిసికేది. జీలకర్ర వేయించి నలిపి చివర్లో. అంత చేసి తన చెయ్యి మంట పుడితే కొబ్బరినూనె నా చేతికి రాసేది, తన చేతికి బదులు. నవ్వులాటకు.

సీసా సంగతి. ఆయన ఇవాళే ఆంజనేయస్వామి మాల వేసుకున్నారు. నలభై ఒక్క రోజులు. మాల ఉన్న ఇంట్లోకి అలాంటిది రాకూడదు. అందుకని పంపకు బాపూ. ఏమీ పంపకు. నువ్వు బాగుంటే చాలు.

బీడీల చాట ముందర కూర్చుని రాస్తున్నాను, కాగితానికి తంబాకు అంటింది. ఏమీ అనుకోకు.

జమున


11 ఏప్రిల్ 2025
(రాసి, పంపకుండా బీడీ ఆకుల సంచిలో పెట్టినది)

బాపూ,

పొద్దున పంపిన ఉత్తరంలో నిజం సగమే ఉంది. మిగతా సగం ఎట్లా రాయను? నీకంటే ముందు గంగన్న కాక చదువుతాడు. చదివితే ఇంటికి, కళ చిన్నమ్మకు ఫోన్ చేస్తాడు. కళ చిన్నమ్మకు తెలిస్తే రెండు ఊళ్ళకు తెలిసినట్టే.

మీ అల్లుడు తాగుతాడు. పెళ్ళయిన రెండో ఏడు నుంచీ. బోరు మోటార్లు దింపే పనికి వెళ్ళినచోటల్లా పోస్తారు. సంక్రాంతి వెళ్ళాక కళ్ళు పచ్చబడి, కాళ్ళు వాచి, కడుపులో నీళ్ళు చేరాయి. జగిత్యాల తీసుకెళ్తే డాక్టర్ ఆయన ముందే నాతో అన్నాడు: "అమ్మా, లివర్ మొత్తం ఖరాబైంది. ఇగ ఒక్క చుక్క పడ్డా నా దగ్గరికి తీసుకురాకు, నేనేం చెయ్యలేను."

అప్పటినుంచి ముట్టలేదు. రెండు నెలలు దాటింది. చేతులు వణికినా, గోడకు తల కొట్టుకున్నా ముట్టలేదు. మాల కూడా అందుకే వేసుకున్నాడు. మెడలో స్వామి ఉంటే ఎవరూ పొయ్యరని. ఇట్లా నలభై రోజులు, ఆపైన ఇంకో నలభై రోజులు, అని లెక్క పెట్టుకుంటున్నాం.

నువ్వేమో ఊరంతా "మా అల్లుడు రత్నం" అని చెప్పుకుని విమానం ఎక్కావు. నీకు నేనెట్లా చెప్పను.


సల్మాబాద్
20 ఏప్రిల్ 2025

జమునమ్మా! నా తల్లీ!

అల్లుడు మాల వేసుకున్నాడా! గంగన్న ఫోన్‌లో ఆ మాట చదవగానే గదిలో ఎనిమిదిమందికీ చెప్పాను. లియాఖత్ భాయ్ అని మా హోటల్ డ్రైవర్, హైదరాబాద్ మనిషి, ఆయనకూ చెప్పాను. "అరే లింబాద్రి భాయ్, తుమ్హారా దామాద్ తో వలీ నిక్లా!" అన్నాడు, అల్లుడు మహాత్ముడని. గంగన్న కాగితం మీద రాసి చూపిస్తే తెలిసిందనుకో. బోరు పనిలో తిరిగే కుర్రవాడికి అంత భక్తి ఉండటం మామూలు సంగతి కాదు. నేను ఊరికే రత్నం అన్నానా?

సీసా పంపవద్దని రాశావు. నాకు నవ్వొచ్చింది బిడ్డా. చిన్నప్పుడు కూడా అంతే, గాజులు కొనిస్తానంటే "వద్దు బాపూ, ఉన్నయి గదా" అనేదానివి. నీకు ఆ మొహమాటం పోలేదు. దీక్ష మాట నాకు తెలియదా? క్యాలెండర్ ముందర వేసుకుని చూశాను. పెద్ద హనుమాన్ జయంతి మే ఇరవై రెండు. ఆ రోజు కొండగట్టులో మాల తీస్తారు. గంగన్న విమానం జూన్ ఐదున. నడుమ పధ్నాలుగు రోజులు! దీక్షకు మచ్చ రాకుండా, నీసు తిని ఒళ్ళు తేరుకునే సమయానికి సరిగ్గా అందుతుంది. మీ బాపు అంత ఆలోచన లేనివాడు కాదు.

ఇంకో గొప్ప విను. మెనూ కార్డు మళ్ళీ అచ్చు వేయించారు. రసాల వరసలో ఇంగ్లీషు అక్షరాలతో "లింబాద్రి రెడ్" అని ఉంది! నా పేరు బిడ్డా! మేనేజర్ ఒక సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు. బంగారు రంగు సారా, మూతకు మైనం. నేను తాగనని ఆయనకు తెలియదు. మీ అవ్వ పోయిన రోజున కల్లు కూడా మానేశాను కదా. ఆ సీసానే అల్లుడికి.

మీ అవ్వ పద్ధతిలో పచ్చివే కాలుస్తున్నాను. మొదటిరోజు పొగకు సీలింగ్ మీది గంట మోగి అందరూ బయటికి పరుగెత్తారట. నాకు వినపడక నేనొక్కణ్ణే నిలబడి కాలుస్తూ ఉన్నాను! ఇప్పుడు కిటికీ దగ్గర కాల్చమన్నారు. దూరాన అమ్వాజ్ దీవుల నుంచి కూడా ఈ రసం కోసమే కార్లేసుకుని వస్తున్నారు.

పేరు అచ్చయిన మీ బాపు


4 మే 2025

బాపుకు,

అందరం బాగానే ఉన్నాం. ఎండలు బాగా ఉన్నాయి.

సీసా గురించి మళ్ళీ రాస్తున్నాను, మొహమాటం కాదు. ఆయన మాల తీశాక కూడా ముట్టనంటున్నారు. జీవితాంతం వద్దని స్వామికి మొక్కుకున్నారు. మొక్కు చెడగొట్టవద్దు. ఆ సీసా అక్కడే ఎవరికైనా ఇచ్చెయ్యి.

ఇంకొకటి. కళ చిన్నమ్మ బీడీల ఖార్ఖానా దగ్గర నలుగురిలో అంది, "ఏందే జమునా, మీ బాపు ముసలితనంల బార్ల పనికి కుదిరిండట, సారా పోస్తుండట" అని. నాకు తల కొట్టేసినట్టయింది. నువ్వు ఆ పని మానేసి మునుపటిలా కూరగాయల దగ్గరే ఉండు. బార్ల సంగతి ఏదీ ఇంటికి రానియ్యకు. నాకు అది ఇష్టం లేదు.

కోపం తెచ్చుకోకు.

జమున


సల్మాబాద్
12 మే 2025

చిరంజీవి జమునకు,

నీ ఉత్తరం గంగన్న ఫోన్‌లో నాలుగు రోజులు మళ్ళీ మళ్ళీ తీయించి చూశాను. కోపం లేదు. కొంచెం నొచ్చుకున్నాను, అంతే.

నీకు నా పని మీద సిగ్గు పుట్టిందని అర్థమైంది. బిడ్డా, నేను సారా పొయ్యను. సారా సీసాల వైపే వెళ్ళను. నేను చేసేది పళ్ళ రసం. తాగేవాడి గొంతు మండకుండా, కడుపులో కాస్త పులుపూ తీపీ పడేలా చేసే పని. ఒక రకంగా మందు లాంటిది. కళకు ఆ మాట చెప్పు. గంగన్న ఈ వాక్యం చదివి తలకాయ గోక్కుంటున్నాడు, వాళ్ళావిడను బాగానే అడుగుతాడులే!

అల్లుడి మొక్కు సంగతి. మాల మెడలో ఉండగా జీవితాంతం ముట్టనని అనని మగవాణ్ణి నేను చూడలేదు. మీ పెదనాన్న మూడుసార్లు అన్నాడు. మంచిదే, ఎక్కువ తాగమని ఎవరన్నారు? మామ పంపాడని ఒక్క గుటక, పండగకూ పబ్బానికీ.

నీకెప్పుడూ చెప్పనిది ఒకటి చెబుతాను. నీ పెళ్ళికి నేను రెండు రోజుల ముందు దిగాను గుర్తుందా? హడావిడిలో వియ్యాలవారికి దావత్‌లో మన ఊరి సారాయే పోయించాను. అప్పుడు అల్లుడి మేనమామ పందిట్లో అందరి ముందూ, "దుబాయి మామ అంటిరి, అల్లునికి ఒక్క ఫారిన్ సీస తేలేదా?" అన్నాడు. అందరూ నవ్వారు. అప్పటికి నా చెవులు బాగానే ఉన్నాయి బిడ్డా. పదకొండేళ్ళుగా ఆ నవ్వు వినిపిస్తూనే ఉంది. ఇప్పుడు నా పేరు మీద రసం, నా కష్టానికి మెచ్చి ఇచ్చిన సీసా. ఈ రెండూ అల్లుడి చేతిలో పడితే నా బాకీ తీరుతుంది. నువ్వు అడ్డం పడకు.

మీ బాపు


సల్మాబాద్
6 జూన్ 2025

నా తల్లి జమునకు,

నిన్న గంగన్నను విమానం ఎక్కించాం! సీసాను నా కొత్త లుంగీలో చుట్టి, చుట్టూ సరితకు తెచ్చిన గౌను పెట్టి కట్టాను. పెట్టెలో పెట్టే ముందు గంగన్న, "అన్నా, ఇది పసిపోరిని పండుకోబెట్టినట్టు పెడ్తున్నవే" అన్నాడు. అవును మరి!

రసం ఎట్లా చేయాలో అల్లుడి పేరనే వేరే కాగితం రాశాను. నారింజలు మూడు, టమాటలు నాలుగు, నిమ్మకాయ ఒకటి, దానిమ్మ పిడికెడు, కాల్చిన మిరపకాయలు రెండు, చిటికెడు జీలకర్ర, ఉప్పు. చల్లగా ఉండాలి. నువ్వు సిగ్గుపడతావని నీకు రాయలేదు, అతన్నే చేసుకోమన్నాను. మగవాడు మిరపకాయ కాలిస్తే చూడటానికి సరదాగా ఉంటుంది!

గంగన్న వచ్చేదాకా మన ఉత్తరాలు లియాఖత్ భాయ్ ఫోన్‌లో వస్తాయి. ఆయనకు తెలుగు అక్షరం ముక్క రాదు. నీ రాత చూసి "జిలేబీ చుట్టినట్లున్నది భాయ్" అంటాడు. ఇక నీ ఇష్టమొచ్చినట్టు రాసుకోవచ్చు.

అందగానే రాయి. అల్లుడి ముఖం ఎట్లా ఉందో అది కూడా రాయి.

ఎదురుచూస్తూ,
బాపు


15 జూన్ 2025

బాపుకు,

సీసా అందింది.

నీ ఉత్తరం చూసిన పొద్దున్నే గంగన్న కాక వాళ్ళ ఊరికి బయల్దేరాను, సీసా ఆయన దగ్గరే ఆపుదామని. నేను వెళ్ళేసరికి కాక లేడు. శంషాబాద్ నుంచి వస్తూ వస్తూ మెట్‌పల్లిలో దిగి, మోటార్ల దుకాణంలో ఈయన ఉంటే అక్కడే చేతికిచ్చేశాడట. నేను తిరిగొచ్చేసరికి ఇంట్లో అరుగు మీద నలుగురు కూర్చున్నారు.

ఈయన నిప్పుల మీద మిరపకాయలు కాలుస్తున్నారు. నీ కాగితం రాయి కింద పెట్టుకుని, సరితతో చదివించుకుంటూ. "మూడు నారింజలు అన్నడా, నాలుగా? సరిగ్గ సదువు బిడ్డా, తాత తిడ్తడు" అంటూ. అంత నవ్వు ముఖం నేను ఈ మధ్య చూడలేదు.

నేను లోపలికి పిలిచాను. వచ్చారు. "వద్దు" అన్నాను. "మా మామ సముద్రం అవుతల నుంచి నా పేరు రాసి పంపిండే. కాదంటే ఆయనకెంత చిన్నతనం? ఒక్క గుటక. మర్యాదకు" అన్నారు. బయట గంగన్న కాక, "ఏందల్లుడా, ముహూర్తం చూస్తున్నవా?" అని కేకేశాడు.

తాగారు. ఒక గుటక అది, ఒక గుటక రసం. "మామా, రసం మస్తుగున్నది అని రాయి" అన్నారు. రాశాను.

జమున


సల్మాబాద్
24 జూన్ 2025

బిడ్డా, బిడ్డా, బిడ్డా!

నీ ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదివానో లియాఖత్ భాయ్‌ని అడుగు. ఫోన్‌లో బ్యాటరీ అయిపోయేదాకా చదివాను. "మస్తుగున్నది" అన్నాడా! నిప్పుల మీద కాల్చాడా! సరిత చదివిందా! ఆ అరుగు మీద నేనూ కూర్చున్నట్టే ఉంది. వంటింట్లో ఆ మాట హిందీలో చెబితే నేపాలీ వాళ్ళు చప్పట్లు కొట్టారు. "వద్దు" అన్నావు, చూశావా, అయినా మామ మాటే నెగ్గింది!

మేనేజర్ పిలిచి వయసు మీరినా ఇంకో రెండేళ్ళు వీసా కొట్టిస్తానన్నాడు. "యల్లా బాబా, నువ్వు పోతే ఈ రసం ఎవరు చేస్తరు?" అని అతని మాట. అసలు ఈ ఏడే ఖలాస్ చెప్పి పంపేస్తారని బెంగపడ్డాను.

దసరాకు ఇంకో సీసా పంపుతానని అల్లుడితో చెప్పు.

నేల మీద నిలవని,
బాపు


19 జూలై 2025

బాపూ,

గంగన్న కాక కంపెనీకి ఫోన్ చేసి చెప్పాడు కదా. నేను ఇప్పుడు రాయగలుగుతున్నాను.

ఈ నెల తొమ్మిదిన, బుధవారం పొద్దున పోయారు. పచ్చకామెర్లు ముదిరాయి. నిజామాబాద్ పెద్దాసుపత్రిలో ఆరు రోజులు ఉన్నాం. నిన్న పదో రోజు చేశాం. గంగన్న కాక కట్టెల దగ్గర్నుంచి అన్నీ చూసుకున్నాడు.

సరిత మాట్లాడటం లేదు. అన్నం మాత్రం తింటోంది. నేను నాలుగు రోజుల్లో బీడీలకు కూర్చుంటాను.

నువ్వు రాకు. వచ్చి చేసేది లేదు.

జమున


సల్మాబాద్
25 ఆగస్టు 2025

నా బిడ్డకు,

మూడు ఉత్తరాలు రాసి చించాను. అల్లుడు మట్టిలో కలిసిన రోజున నేను ఇక్కడ టమాటలు పిసుకుతున్నాను. కామెర్లకు మన వైపు ఆకు పసరు పోస్తారు, ముందే తెలిస్తే లింబాద్రి గుట్ట కింద మనిషి దగ్గరికి పంపేవాణ్ణి కదా. నాకెవరూ చెప్పలేదు. నీ నుదురు ఎట్లా చూడను తల్లీ.

గంగన్న తిరిగొచ్చాడు. మాట్లాడడు. భార్యను విడిచి వచ్చిన దిగులనుకుంటాను. ఫోన్ పాడైందన్నాడు, అందుకే ఇది కూడా లియాఖత్ భాయ్ ఫోన్ నుంచే.

బిడ్డా, ఇంత దుఃఖంలో నా ప్రాణానికి ఒక్కటే ఊరట. పోయే ముందు నెలలోనే మామ మర్యాద అందుకుని పోయాడు. నా చేతి రసం తాగి బాగుందన్నాడు. అది తలుచుకున్నప్పుడు కళ్ళలో నీళ్ళతో పాటు సంతోషం కూడా వస్తుంది, ఏం చేయను! ఆ ఒక్క సీసా పంపకపోయి ఉంటే జన్మంతా కుమిలేవాణ్ణి.

వచ్చే నెల ఇరవై ఒకటిన పెత్రమాస, పెద్దల అమావాస్య. అతని పేరన మొదటిసారి బియ్యం ఇస్తారు. ఇష్టమైనవన్నీ విస్తట్లో పెడతారు కదా. ఆ సీసా లాంటిదే ఇంకొకటి మేనేజర్ని అడిగి తీసుకున్నాను. కోరుట్ల మనిషి పన్నెండో తారీఖున వస్తున్నాడు, అతని చేత పంపుతున్నాను. విస్తరి పక్కన ఒక గ్లాసులో అది పొయ్యి. ఇంకో గ్లాసులో ఎర్ర రసం, మిరపకాయలు అవ్వ కాల్చినట్టే కాల్చి. సరితతో పెట్టించు. ఎక్కడున్నా వచ్చి తాగుతాడు. మా అల్లుడు నా మాట తీసెయ్యడు.

బాపు


30 ఆగస్టు 2025

బాపూ,

సీసా పంపకు.

గంగన్న కాక చేత నేనే ఒట్టేయించుకున్నాను, నీకు చెప్పవద్దని. ఆయనది దిగులు కాదు. నేను చెబుతాను, కూర్చుని చదువు.

ఆయనకు వట్టి కామెర్లు కావు. తొమ్మిదేళ్ళ తాగుడు. జనవరిలోనే లివర్ పోయింది, ఒక్క చుక్క పడితే మనిషి దక్కడని డాక్టర్ చెప్పాడు. ఫిబ్రవరి నుంచి నాలుగు నెలలు ముట్టలేదు. మాల అందుకే వేసుకున్నారు. మాల తీసి కొండ దిగేటప్పుడు కూడా, పక్కవాళ్ళు సీసాలు విప్పుతుంటే నా చెయ్యి పట్టుకుని బస్సు దాకా నడిచారు.

నువ్వు పంపింది మర్యాదకు ఒక్క గుటక అన్నారు. మర్నాడు పొద్దున రెండు గ్లాసులు. నాలుగో రోజుకు సీసా అయిపోయింది. ఐదో రోజు నుంచి బెల్టు షాపు. నేను కాళ్ళు పట్టుకున్నాను. జూలై మూడున రక్తం కక్కుకున్నారు. ఎర్రగా ఉంటే సరిత నీ రసం అనుకుంది.

నువ్వు అడుగుతావు, నాకెందుకు రాయలేదని. గంగన్న కాక చదువుతాడని రాయలేదు. ఊళ్ళో పరువు పోతుందని రాయలేదు. నువ్వు వెతికి తెచ్చిన సంబంధమని, నీ సంతోషం చూసి రాయలేదు. మాల అని రాశాను, మొక్కు అని రాశాను, నీ పని సిగ్గు అని రాశాను. నీ పని నాకు సిగ్గు కాదు బాపూ. అన్నీ రాశాను, రెండు ముక్కల నిజం తప్ప. అది రాసి ఉంటే నువ్వు ఆ సీసా మేనేజర్ తల మీద పగలగొట్టేవాడివి. నాకు తెలుసు.

కాబట్టి నువ్వొక్కడివే మొయ్యకు. కానీ విస్తట్లో మాత్రం అది పెట్టలేను. సరితతో పెట్టించలేను. అన్నం, పచ్చి పులుసు పెడతాను. తాగనప్పుడు ఆయన అదే తినేవారు.

జమున


సల్మాబాద్
7 సెప్టెంబరు 2025

జమునా,

చదివాను. మూడు రోజుల తర్వాత మళ్ళీ చదివాను.

సీసా కోరుట్ల మనిషి దగ్గర్నుంచి వెనక్కి తెచ్చి క్యాంపు మోరీలో పోశాను.

మేనేజర్ దగ్గరికి వెళ్ళి గిన్నెల దగ్గరికే పంపమని అడిగాను. పేరు కార్డు మీద పడ్డాక కుదరదన్నాడు. రెండేళ్ళ వీసా ఆ పని మీదే కొట్టించానన్నాడు. ఇంకెవరికైనా నేర్పిస్తానన్నాను. నేపాలీ అతనికి నేర్పించాను, గిరాకీలు వాపసు పంపారు. నిన్న నేనే చేశాను. తొంభై గ్లాసులు.

గ్లాసులు వెళ్తుంటే తలుపు సందులోంచి తాగేవాళ్ళ ముఖాలు చూస్తున్నాను. ఇదివరకు ఎప్పుడూ చూడలేదు. ఎవడికి డాక్టర్ ఏం చెప్పాడో, ఎవడి ఇంట్లో ఎవరు కూర్చుని ఉన్నారో నాకేం తెలుస్తుంది.

గంగన్న నేను చూడకుండా ఏడుస్తున్నాడు. వాణ్ణి ఏమీ అనలేదు.

సరిత మాట్లాడుతోందా? నువ్వు తింటున్నావా? బాగున్నామని రాయకు. ఎట్లా ఉంటే అట్లాగే రాయి.

బాపు